చెంబు నీళ్లు

విదేశాల్లో మన విలువల గురించి సంచికకు నాలుగు ముక్కలు రాయమన్నారు. మా కడప పక్క విలువంటే రేటే. ఎద్దుల విలువ, చెనిక్కాయల విలువ, ఎకరా విలువ. దానికి ‘లు’ తగిలిస్తే ఏమవుతుందో ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరూ అడగలేదు. కువైట్‌లో శుక్రవారం పూట పనిలేక కూర్చుంటే ఇట్లాంటివే బుర్రలో తిరుగుతాయి.

నాకు మొదట తట్టింది నీళ్ల సంగతి. ఈ దేశంలో ఒక్క నదీ లేదు. ఒకప్పుడు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తాగునీళ్లు తెచ్చుకున్నారు. 1953లో సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు పెట్టుకున్నారు. అదే ఏడు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. మూడేళ్లకు ఆ ముచ్చట తీరిపోయింది గానీ, ఇక్కడి కుళాయి మాత్రం ఆగలేదు. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊళ్లో ఎండాకాలం ట్యాంకరు కోసం కాచుకోవడమేంది, ఎడారిలో తెల్లారకముందే కార్లు కడగడమేంది? ఆ కడిగేవాళ్లలో మనోళ్లూ ఉన్నారు. రెండు బిందెలతో ఇల్లంతా గడిపిన చేతులవి.

నీళ్లకు రేటు కట్టడం మాకు కొత్త కాదులెండి. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల నుంచి కడప దాకా కాలువ తవ్వడం మొదలుపెట్టింది, లాభాల కోసమే. నల్లరేగడి రైతు లెక్క వేరు. మెట్టపైరుకు వాన చాలు, నీళ్లు కొనడమెందుకని వానలు బాగున్న ఏడు కాలువ వైపే చూడలేదు. చివరకు 1882లో సర్కారే దాన్ని కొనుక్కుంది. ఆ కర్నూలు-కడప కాలువకే, మా నోట్లో కేసీ కెనాల్‌కే, నీళ్లు ఎప్పుడు వదుల్తారా అని ఇప్పుడు ఎదురుచూపులు.

చిన్నప్పుడు ఎండాకాలం పెన్నలో చెలమలు తీసేవాళ్లం. ఇసుకను చేత్తో తోడితే అడుగున నీరు ఊరేది. మొదట ఊరినవి బురదనీళ్లు. అవి పారబోసి, మళ్లీ ఊరి తేటపడేదాకా గొంతుక్కూర్చుని కాచుకోవాలి. ఆ తర్వాత కొబ్బరి చిప్పతో కొంచెం కొంచెం బిందెలోకి. మన బిందె నిండినాక చెలమను తొక్కి పోకూడదు. వెనక వచ్చేది ఎవరో తెలీదు, మనతో మాట్లాడని వాళ్లైనా కావచ్చు. అయినా తొక్కినోళ్లకు అవ్వల చేతిలో తిట్లే తిట్లు. విలువల మీద నేను విన్న ఉపన్యాసాలన్నిట్లో బాగా గుర్తున్నవి ఆ తిట్లే.

పోయిన సెలవుల్లో ఊరికి పోతే పెద్దమ్మ ఇంట్లో సీలు తీయని బాటిల్ చేతికిచ్చి, ‘మినరలే నాయనా, తాగు’ అనింది. బోరునీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లో ఆమెను తప్పుపట్టలేను. కానీ చెంబుతో నీళ్లిస్తే, ఖాళీ చెంబు తిరిగి తీసుకునేదాకా ఇచ్చిన మనిషి ఎదురుగా నిలబడాల. ఎప్పుడొస్తివి, పిల్లోళ్లు బాగుండారా అని అడిగేది ఆ నిలబడ్డప్పుడే. బాటిల్ ఇచ్చినోళ్లు లోపలికి పోవచ్చు, పెద్దమ్మ కూడా పోయింది. సగం తాగిన బాటిల్ ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తో పట్టుకునే కూర్చున్నా.

కువైట్ ఎడారి అని అమ్మకు ఎవరో చెప్పినారు. పదకొండేళ్లుగా ప్రతి శుక్రవారం ఫోన్లో మొదట అదే అడుగుతుంది.

‘ఆడ నీళ్లు వచ్చాండాయా నాయనా?’

‘వచ్చాండాయి మా. మీకో?’

‘మాకేం గానీ, నువ్వు తిన్యావా?’

వెనక వీధిలో ట్యాంకరు హారను, బిందెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు.

‘ఉండు, మళ్లీ చేచ్చా’ అని పెట్టేస్తుంది.