సాధనా? సాధనమా?

ఏదైనా ఒక విద్య కొంత పట్టుబడ్డాక మనిషికి రెండు దారులు కనిపిస్తాయి. ఉన్న పనిముట్టుతోనే ఇంకా లోతుకు పోవడం ఒకటి. ఇంకా మంచి పనిముట్టు కొనుక్కోవడం రెండోది. మొదటిది నిష్ఠ, రెండోది ఆశ అని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. ఆ తీర్పు నాకు పూర్తిగా సరిగా తోచదు. ఈ ప్రశ్న వీణ దగ్గరో కుంచె దగ్గరో పుట్టివుంటే గౌరవంగా ఉండేది. నాకు మాత్రం ఒంటిచక్రం సైకిలు మీద ఎదురైంది.

ఆ బండిని సర్కసులో తప్ప చూడనివారికి రెండు మాటలు. దానికి హ్యాండిలు లేదు, గొలుసు లేదు, ఫ్రీవీలు లేదు. పెడళ్ల క్రాంకులు నేరుగా ఇరుసుకే బిగించి ఉంటాయి. కాలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే. కాలు ఆగితే చక్రం ఆగుతుంది. ముందుకు ఒరగడం, పడేలోపు చక్రాన్ని మన కిందికి తెచ్చుకోవడం, సవారీ అంటే ఇంతే. నేర్చుకునేవారు సాధారణంగా 20 అంగుళాల చక్రంతో మొదలుపెడతారు. ఆసరా లేకుండా ఎక్కి, కొంత దూరం పోయి, పడకుండా దిగగలిగితే ఓనమాలు వచ్చినట్టే.

అసలు చిక్కు అక్కడినుంచి మొదలు. 20 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 160 సెంటీమీటర్లు పోతుంది. 36 అంగుళాలది సుమారు 287. ఇంగ్లండు యువకుడు ఎడ్ ప్రాట్ 2015లో బయలుదేరి 2018లో ఇల్లు చేరి, ప్రపంచం చుట్టి వచ్చింది 36 అంగుళాల చక్రం మీదే. స్విట్జర్లాండుకు చెందిన ఫ్లోరియన్ ష్లుంఫ్ గేరు హబ్బు తయారుచేశాడు. తొక్కుతూనే మడమతో ఒక బొత్తాన్ని తడితే, కాలి చుట్టు ఒకటికి చక్రం ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. కొండదారులకు లావు టైర్లున్నవీ, మనిషికంటే ఎత్తున గొలుసుతో నడిచేవీ వేరే ఉన్నాయి.

మరోవైపు, ఉన్న చిన్న చక్రం మీదే నేర్వవలసింది కొండంత. అరచుట్టు ముందుకు, అరచుట్టు వెనక్కు ఊగుతూ ఉన్నచోటే నిలవడం, వెనక్కు తొక్కడం, ఒంటికాలితో తొక్కడం, బండితో సహా గెంతడం. అంతర్జాతీయ ఒంటిచక్ర సమాఖ్య ఈ విద్యలను పది మెట్లుగా పేర్చిపెట్టింది.

ఏ దారి న్యాయం? ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనకు హెచ్చరిక. కాని మద్దెల ఎప్పుడూ ఓడు కాదని ఆ సామెత అనలేదు గదా! నిజంగా ఓటి మద్దెలలూ ఉంటాయి. కనుక అడగవలసింది ఒకటే: నన్ను ఆపుతున్న హద్దు నాదా, చక్రానిదా? ఉన్నచోట నిలవలేకపోతే ఆ హద్దు నాది. దాన్ని ఏ అంగడిలోనూ కొని దాటలేను. కాళ్లు ఎంత వేగంగా తిప్పినా ముప్పై కిలోమీటర్ల దూరం పొద్దుగూకినా తరగకపోతే, ఆ హద్దు చక్రానిది. అక్కడ పెద్ద చక్రం కొనడం ఆశ కాదు, అవసరం.

చెప్పినంత తేలిక కాదు ఈ విభజన. కొత్తవాడికి కొద్ది దూరంలోనే తొడలు పట్టేస్తాయి, సీటు గుచ్చుతుంది. సీటు మంచిది కాదనుకుంటాడు. నిజానికి భయంతో బరువంతా కాళ్ల మీద మోస్తున్నాడు, సీటును నమ్మడం లేదు. వారాల తరబడి తొక్కగా తొక్కగా బరువు మెల్లగా సీటు మీదికి దిగుతుంది. అప్పటికీ మిగిలిన నొప్పి ఉంటే అది సీటు నేరం. సాధన ముందు రావాలనడానికి కారణం అది పుణ్యకార్యం కావడం కాదు. ఏ లోపం ఎవరిదో తెలియజెప్పే సాక్షి మరొకటి లేదు.

ఇంకొక గుర్తు. మంచి పనిముట్టు మనకు ఇచ్చేదే కాదు, అడిగేదీ ఉంటుంది. 36 అంగుళాల చక్రం ఎక్కడమే గండం. దాని బరువు మన చిన్న చిన్న సవరింపులను లెక్కచెయ్యదు, ఆపాలన్న చోట ఆగదు. ఆరితేరినవాడిని మళ్లీ ఓనమాలకు దించుతుంది. నన్ను మళ్లీ విద్యార్థిని చేసే వస్తువును నేను అనుమానించను. నేర్వకుండానే నేర్చినవాడిలా కనబడనిచ్చే వస్తువునే అనుమానిస్తాను.

డబ్బు లేనివాడి మాటేమిటి? క్రాంకు మార్చడం కొత్త బండి కొనడమంత ఖర్చు కాదు. 150 మిల్లీమీటర్ల క్రాంకు తీసి 125ది వేస్తే అదే చక్రం స్వభావం మారుతుంది: వేగం పెరుగుతుంది, ఎత్తు ఎక్కే బలం తగ్గుతుంది. అయినా, చిన్న చక్రం కింది మెట్టు, పెద్దది పై మెట్టు అనుకోవడమే పొరపాటు. ప్రపంచ పోటీల్లో సంగీతానికి తగ్గట్టు నాట్యంలా విన్యాసాలు చేసేవారు ఎక్కేది 20 అంగుళాలదే. జపాను ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు ఆటస్థలంలో తొక్కేదీ చిన్నదే. మొదటి చక్రం చివరిదాకా పోతుంది. దూరం పోవాలంటేనే వేరే చక్రం కావాలి.

రాష్ట్రం వెలుపల తెలుగు మాట్లాడే మనకు ఇది కొత్త సంగతి కాదు. ఇంట్లో మనం మాట్లాడేది చిన్న చక్రం. గ్రంథాల తెలుగు పెద్ద చక్రం. ఒకటి ఎక్కామని రెండోదాన్ని పారేయనక్కర్లేదు. పైగా, ఒంటిచక్రం మీద ఊరికే నిలబడటం అంటూ లేదు. ఉన్నచోట ఉండాలన్నా ఊగుతూనే ఉండాలి. మన భాష కూడా అంతే.

మన పాత తెలుగులో సాధనమంటే పనిముట్టు మాత్రమే కాదు, అభ్యాసం కూడా. వేమన ఆ మాటను అభ్యాసమన్న అర్థంలోనే వాడాడు. రెంటినీ విడదీసి ఒకదాన్ని గుడిలోనూ రెండోదాన్ని అంగడిలోనూ పెట్టింది మనమే. ఒకే మాటలో ఇమిడిన రెండూ ఒకే మనిషిలో ఇమడకపోవు. ఏది ఎప్పుడు కావాలో తెలుసుకోవడమే మిగిలిన విద్య.