దినదినపు మన్నా, దినదినపు సూది

ధ్యాన భాగములు: నిర్గమకాండము 16వ అధ్యాయము, మార్కు సువార్త 5:35–43



అరణ్యములో దేవుడు తన ప్రజలకు మన్నా ఇచ్చిన విధము మీరందరు ఎరిగినదే. ఏ ఉదయపు పాలు ఆ ఉదయముననే ఏరుకొనవలెను. రేపటికని దాచినది పురుగుపట్టి పాడైపోయెను. విశ్రాంతి దినపు పాలునకు తప్ప ఈ కట్టడకు మినహాయింపు లేదు. 40 సంవత్సరములు అట్లే జరిగెను. మొదటి ఉదయమున దానిని చూచి ఆశ్చర్యపడినవారే తరువాత దానియందు విసుగుకొనిరని సంఖ్యాకాండము 11వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ విసుగును మేము తేలికగా కొట్టివేయలేము. విడువక దినదినము చేయవలసినది ఎంత చిన్న పనియైనను అలసట పుట్టించును.

మన సంఘములలో కొందరు పిల్లలు ఈ పాఠమును తమ శరీరమందే నేర్చుకొనుచున్నారు. వారు షుగరు జబ్బు గల పిల్లలు. దినమునకు రెండుసార్లో నాలుగుసార్లో ఇన్సులిన్ సూది వేసికొనువారు. నిన్నటి సూది నేటికి చాలదు.

షుగరు అనగానే అది పెద్దవారి జబ్బని మనవారు తలంతురు. పిల్లలకు వచ్చునది చాలమట్టుకు వేరు రకము. కడుపులో జీర్ణకోశము వెనుక క్లోమము అను అవయవమున్నది. ఇన్సులిన్ పుట్టునది అక్కడనే. రోగములతో పోరాడవలసిన శరీరపు కావలి బలము, ఇంటి కుక్క ఇంటివారినే కరచినట్లు, ఆ ఇన్సులిన్ చేయు కణములను చంపివేయును. బెల్లము తినుటవలన వచ్చినది కాదు, అంటుకొనునది కాదు, తల్లి పెంపకములోని లోపము కాదు. దీనికి మాత్రలు చాలవు, కాకరకాయ రసము చాలదు, తిప్పతీగ చాలదు. ఇన్సులిన్ లేక ఈ పిల్లలు బ్రదుకరు.

1922వ సంవత్సరము జనవరి 11వ తేదీని కెనడా దేశమందలి టొరంటో పట్టణపు ఆస్పత్రిలో ఈ మందును మొట్టమొదట పొందినవాడు లెనార్డ్ థామ్సన్ అను 14 ఏండ్ల బాలుడు. అంతకు మునుపు వైద్యులు ఇట్టి పిల్లలకు కడుపు మాడ్చుట తప్ప వేరు దారి ఎరుగరు. దానివలన కొన్నాళ్లు ఎక్కువ బ్రదికెడివారు, అంతే. మొదటి సూది సరిగా పనిచేయలేదు. మందును శుద్ధిచేసి 12 దినముల తరువాత మరల ఇచ్చినప్పుడు బాలుడు తేరుకొనెను. తరువాత 13 సంవత్సరములు జీవించెను. కనుగొన్నవారు దాని హక్కును ఒక్కొక్క డాలరునకే విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి. ఆ మొదటి రోగి వయసు మన గురుకులములలో తొమ్మిదవ తరగతి చదువు పిల్లవాని వయసే.

ఆ వయసునందే చిక్కు వచ్చుచున్నది. చిన్నప్పుడు తల్లి పిలువగానే చేయి చాపిన బిడ్డ, 13, 14 ఏండ్లు రాగానే సూది ఎగవేయును. హాస్టలులో తోటివారు చూతురని సిగ్గు. ఆడపిల్లయైతే, జబ్బు సంగతి బయటపడిన సంబంధములు రావని పెద్దలే దాచుమందురు. దాచవలసిన దానిని వేళకు చేయుట ఎట్లు? మరియొక సంగతి కలదు, ఇది చాలమంది తలిదండ్రులకు తెలియదు. ఎదుగు వయసులో శరీరమందు ఊరు హార్మోనులు ఇన్సులిన్ బలమును తగ్గించును. గనుక పిల్ల అన్నియు సరిగా చేసినను రక్తములో చక్కెర పెరుగవచ్చును. అప్పుడు ఇంటిలో ఏమి జరుగును? “దొంగతనముగా ఏమి తిన్నావు?” అని తండ్రి గద్దించును. చేయని తప్పునకు దెబ్బలు తినిన పిల్ల, మరుసటి వారము పుస్తకములో అబద్ధపు అంకె వ్రాయును. వైద్యుడు ఆ అంకెను నమ్మి మందు నిర్ణయించును. ఇట్లు గద్దింపు వలన వచ్చిన అబద్ధము ప్రాణము మీదికి తెచ్చును. ఆ యంత్రము చూపునది కొలతయే గాని పాపపు లెక్క కాదు. వాన ఎంత పడినదని అడిగినట్లు అడుగుడి.

పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఎవరు పాపము చేసిరని శిష్యులు ప్రభువును అడిగిరి. వానిదిగాని వాని తలిదండ్రులదిగాని కాదని ఆయన చెప్పెను (యోహాను 9). నల్లగొండ జిల్లావారికి ఇది వేరుగా బోధింప నక్కరలేదు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతములలో ఎందరి ఎముకలు వంగిపోయెను! అది నీళ్లలోని ఫ్లోరైడు పని అని నేడు అందరు ఎరుగుదురు. అయినను షుగరు పిల్ల తల్లిని చూచి, ఏ పాపమో అని గుసగుసలాడువారు మన గుడిలోనే కూర్చుందురు.

ఇప్పుడు కఠినమైన మాట చెప్పవలసియున్నది. ఒక గ్రామములో, పేరు చెప్పము, పదునైదేండ్ల పిల్ల స్వస్థత కూటమునకు వెళ్లి వచ్చి సూది మానెను. మానుటయే విశ్వాసమని ఎవరో చెప్పిరి. రెండవ దినమున వాంతులు, కడుపు నొప్పి. మూడవ దినమున నోటినుండి పండిన పండ్ల వాసన, పెద్ద పెద్ద శ్వాసలు. గాలి సోకినదని ప్రార్థించుచు కూర్చుండిరి. పొరుగింటి ఆటో నడుపువాడు ఆస్పత్రికి చేర్చబట్టి ఆ బిడ్డ దక్కినది. ఈ గురుతులను జ్ఞాపకముంచుకొనుడి. ఇవి కనబడినప్పుడు ఒక్క గంటయు ఆలస్యము కూడదు. హిజ్కియా రాజునకు 15 సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము తెచ్చిన ప్రవక్తయే, పుండు మీద అంజూరపు ముద్ద కట్టుమని చెప్పెను (2 రాజులు 20). వాగ్దానము పొందినవానికి మందు అవమానము కాలేదు. మా ఎరుకలో ప్రార్థన సూదికి పగ కాదు. సూది వేయుచు ప్రార్థించుడి.

ఉపవాసము సంగతియు అంతే. శ్రమ దినములలో ఈ పిల్లలు పెద్దలను చూచి తామును అన్నము మానుదురు. సూది వేసికొని తినకుండిన చక్కెర పడిపోవును. చెమటలు, వణకు, తత్తరపాటు, ఒక్కొక్కప్పుడు మొండి మాటలు. వెంటనే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించి, 15 నిమిషములకు మరల చూడవలెను. తెలివి తప్పినయెడల నోటిలో ఏమియు పోయక, ప్రక్కకు త్రిప్పి పండబెట్టి, 108కి ఫోను చేయుడి. యాయీరు కుమార్తె 12 ఏండ్లది. ఆమెను లేపిన తరువాత ప్రభువు మొదట ఇచ్చిన ఆజ్ఞలలో ఒకటి, ఆమెకు తినుటకు పెట్టుమనుట. అంత గొప్ప అద్భుతము చేసినవాడు అన్నము సంగతి మరువలేదు! ఆదివారపు బడి ఉపాధ్యాయులారా, మీ సంచిలో చక్కెర పొట్లము ఒకటి ఉంచుకొనుడి.

మన ఎండలను గూర్చి ఒక మాట. ఇన్సులిన్ వేడికి చెడును, గడ్డకట్టినను చెడును. ఫ్రిజ్ లేని ఇంటిలో, పెద్ద కుండలో తడి ఇసుక పోసి, నడుమ చిన్న కుండ పెట్టి, తడి తగలకుండ డబ్బాలో మందు ఉంచి మూతవేసిన చల్లగా నుండును. ఇసుకను దినము తడుపవలెను. పాలమూరునుండి పనికి బొంబాయి, పూణే పోవు తలిదండ్రులు, పిల్లను అవ్వయొద్ద విడుచునప్పుడు, ఆమెకు ఈ కుండ సంగతి, సూది సంగతి నేర్పి పోవలెను. మందు మోతాదు మాత్రము వైద్యుని అడుగక మార్చకూడదు. జ్వరము వచ్చి అన్నము తినకపోయినను సూది పూర్తిగా మానకూడదు.

పదమూడేండ్లు రాగానే “ఇక నీ సూది నీవే చూచుకో” అని విడిచిపెట్టుట మంచిది కాదు. అమాలేకీయులతో యుద్ధమున మోషే చేతులు బరువెక్కినప్పుడు, అహరోను, హూరు అను వారు ఎందుకు దించితివని గద్దించలేదు. రాయి వేసి కూర్చుండబెట్టి, ఈ ప్రక్క ఒకడు, ఆ ప్రక్క ఒకడు ప్రొద్దు క్రుంకు వరకు పట్టుకొనిరి. చేతులు మోషేవే. సూది పిల్లదే, అయినను సాయంకాలపు సూది వేళకు తల్లియో అన్నయో ప్రక్కన కూర్చుండవచ్చును. రక్తము చూచు పట్టీలు కొనుట కూలివారికి భారము. కోతకాలపు పండుగ కానుకలలో కొంత పాలు దీనికై తీయుమని సంఘ పెద్దలను వేడుకొనుచున్నాము.

క్రిస్మసు ప్రేమ విందులో ఈ పిల్లలకు వేరు పంక్తి వేయకుడి. అన్నము వడ్డించుటకు ముందుగానే వేళ తెలియజేయుడి. ఆలస్యమైనయెడల వారికి ముందు పెట్టుడి. సూది వేసికొనుటకు పాస్టరుగారి ఇంటిలో ఒక గది తలుపు తెరచియుంచుడి.