వడ్డించిన చేతికి దక్షిణ

కౌశికుడనే బ్రాహ్మణుడి కథ మహాభారతం అరణ్యపర్వంలో ఉంది. వేదం చదివినవాడు, తపస్సు చేసినవాడు. చెట్టు మీది కొంగ రెట్ట వేసిందని కోపంగా చూస్తే అది చచ్చి కింద పడింది. ఆ తర్వాత ఊళ్లోకి భిక్షకు వెళ్లి ఒక గుమ్మం ముందు నిలబడ్డాడు. ఉండమని చెప్పి లోపలికెళ్లిన ఇల్లాలు, అంతలో ఆకలితో వచ్చిన భర్తకు వడ్డించే పనిలో పడి భిక్ష ఆలస్యంగా తెచ్చింది. కౌశికుడు మళ్లీ మండిపడ్డాడు. ఆమె బెదరలేదు. కొంగ సంగతి తనకు తెలుసని చెప్పి, ధర్మం నేర్చుకోవాలంటే మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికి వెళ్లమంది.

ప్రవచనాల్లో మనం గబగబా మిథిలకు వెళ్లిపోతాం. నాకు మాత్రం గుమ్మం దగ్గరి ఘట్టమే నేటికి ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తుంది. అన్నం రావడం కాస్త ఆలస్యమైతే ఏళ్ల తపస్సు ఏమైపోతుందో అక్కడ తేలిపోయింది. ఆదివారం మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఏ బిర్యానీ హోటల్‌కి వెళ్లినా ఇద్దరు ముగ్గురు కౌశికులు తగులుతారు. ‘ఏయ్, ఎంతసేపు?’ అంటూ చిటికెలు వేస్తుంటారు. సర్వర్ చేతిలో ఏముంది? లోపల వంటవాడు కసురుకుంటాడు, బయట మనం కసురుకుంటాం. మధ్యలో చిరునవ్వుతో నిలబడటం అతని ఉద్యోగం.

భగవద్గీత పదిహేడో అధ్యాయాన్ని హోటల్లో కూర్చున్నప్పుడు ఒకసారి తలచుకుంటే భలే సరిపోతుంది. ముందు ఆహారం గురించి, ఆ వెంటనే యజ్ఞం, తర్వాత తపస్సు, చివరికి దానం గురించి అందులో వరసగా ఉంది. ఒక్కొక్కదాన్నీ సాత్త్వికం, రాజసం, తామసం అని మూడుగా విడదీశాడు శ్రీకృష్ణుడు. మనం ఆహారం దగ్గరే ఆగిపోయి ఉల్లిపాయ తినొచ్చా లేదా అని వాదించుకుంటాం. నాలుగు శ్లోకాలు ముందుకెళితే మాటతో చేసే తపస్సు కనిపిస్తుంది. ఎదుటివాణ్ని కలవరపెట్టకుండా, నిజంగా, ప్రియంగా, హితంగా మాట్లాడటం తపస్సేనట. దానికి అడవులకు పోనక్కర్లేదు. ‘భయ్యా, ఇంకో రెండు రోటీలు చెప్పవా’ అంటే చాలు. తండ్రి వయసున్న సర్వర్‌ని ‘ఒరేయ్’ అనకుండా ఉంటే ఇంకా మంచిది. ఇవాళ మన నగరాల్లోని హోటళ్లలో ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చిన కుర్రాళ్లు చాలామంది. తెలుగు అంతంతమాత్రంగా వచ్చినా మన గొంతులోని కరకుదనం మాత్రం వాళ్లకు బాగా అర్థమవుతుంది.

ఇక టిప్పు. దాన్ని మనం దానం ఖాతాలో రాసుకుంటాం. ‘పాపం, పేదవాడు, పది రూపాయలిచ్చా’ అంటాం. గీత లెక్క ప్రకారం ఇది తప్పు. సాత్త్విక దానానికి అక్కడ చెప్పిన గుర్తుల్లో ఒకటి, మనకు తిరిగి ఏ ఉపకారమూ చేయనివాడికి ఇవ్వడం. సర్వర్ మనకు అప్పటికే ఉపకారం చేశాడు. అడిగిన ప్రతిసారీ మంచినీళ్లు తెచ్చాడు, పిల్లవాడు ఒలకబోసిన సాంబారు తుడిపించాడు, కారం తక్కువ వేయమని వంటింట్లో మన తరఫున వాదించాడు. అతనికిచ్చేది దానం ఎలా అవుతుంది? అది తీర్చాల్సిన బాకీ. బాకీ తీర్చేవాడు పుణ్యం వచ్చిందనుకోడు, ఎదుటివాడు దండం పెట్టాలనీ ఆశించడు.

దీనికి సరైన కొలత అదే అధ్యాయంలో యజ్ఞం చెప్పినచోట దొరుకుతుంది. అన్నం పెట్టకుండా, దక్షిణ ఇవ్వకుండా చేసే యజ్ఞం తామసం అన్నాడు. అంతకు రెండు అధ్యాయాల ముందే, ప్రాణుల దేహాల్లో వైశ్వానరాగ్నిగా ఉండి తిన్నదాన్ని జీర్ణం చేసేది తానేనన్నాడు. భోజనానికి ముందు ఆ మాట తలచుకునే ఇళ్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. తినడం కూడా ఒక హోమమే అయితే వడ్డించినవాడు ఋత్విక్కు. ఋత్విక్కుకు దక్షిణ ఇవ్వకుండా లేచిపోతే ఆ యజ్ఞం ఏ కోవలోకి వస్తుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు ఒకసారి బార్‌కి వెళదాం. ఆధ్యాత్మిక శీర్షికలో బార్ ప్రస్తావన ఏమిటని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. ధర్మం మాంసం కొట్లో దొరికినప్పుడు అధర్మానికి ఉదాహరణ బార్‌లో వెతికితే తప్పులేదు. రాజస, తామస దానాలకు అంత చక్కటి ప్రదర్శన ఇంకెక్కడా ఉండదు. మూడో పెగ్గు దాటాక జేబులోంచి ఐదొందల నోటు తీసి, పక్క టేబుల్‌కి కనిపించేలా ఊపి, సలాం కొట్టాక గానీ చేతిలో పెట్టనివాళ్లుంటారు. ఫలం ఆశించి ఇచ్చేది, ఇచ్చాక మనసులో నొచ్చుకునేది రాజసం. ఆ ఐదొందల గురించి మర్నాటి ఉదయం తలనొప్పితో పాటు కలిగే బాధ అచ్చంగా అదే. లోపలికి రాగానే వందిచ్చి ‘మన టేబుల్ చూసుకో’ అనడం ఇంకో రకం. మర్యాద లేకుండా, చులకనగా విసిరేది తామసం. టేబుల్ మీద ఒలికిన సోడాలో నాని ఉన్న నోటును ఏరుకోవాల్సి వచ్చినవాడికి దీని గురించి ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

దానానికి దేశం, కాలం, పాత్ర చూడమన్నారు పెద్దలు. బాకీకీ అవి వర్తిస్తాయి. డాలస్‌లో ఉన్న మనవాళ్లు బిల్లు మీద 18 శాతం, 20 శాతం అంటే గుండె పట్టుకుంటారు. ‘జీతం ఇవ్వాల్సింది యజమాని కదా’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. డాలస్ ఉన్న టెక్సస్‌లోనూ అంతే. టిప్పులతో కలిపినా మామూలు కనీస వేతనమైన 7 డాలర్ల 25 సెంట్లకు చేరకపోతే మిగతాది యజమాని పూడ్చాలి. కాలిఫోర్నియాలో ఈ తిరకాసు లేదు, కనీస వేతనం పూర్తిగా ఇవ్వాల్సిందే. టెక్సస్ పద్ధతి మంచిదని నేననను. కానీ అక్కడ కూర్చుని తిని, వ్యవస్థ మీద కోపాన్ని వడ్డించిన అమ్మాయి మీద తీర్చుకోవడం కౌశికుడి పనే. జపాన్‌లో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. బల్ల మీద చిల్లర వదిలి వెళితే, మరిచిపోయారనుకుని వెంటపడి తెచ్చిస్తారు. అక్కడ ఇవ్వకపోవడమే మర్యాద. తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో శ్రీవారి సేవకులు వడ్డిస్తుంటే ఎవరైనా జేబులో చెయ్యి పెడతారా? అది వాళ్ల సేవ. వడ్డించింది పారేయకుండా తినడమే అక్కడ వాళ్లకు మనమిచ్చే గౌరవం.

మన దేశంలో బిల్లులో సర్వీస్ చార్జీ కలిపేసే అలవాటు మీద పెద్ద రగడే జరిగింది. దాన్ని తప్పనిసరి చేయకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇవ్వడం ఇవ్వకపోవడం తిన్నవాడి ఇష్టం. నాకిది నచ్చింది, మెడపట్టి వసూలు చేసేది దక్షిణ కాదు కనుక. అయితే ఈ తీర్పు చూపించి మేనేజర్‌తో వాదించి, ఆ ఐదో పదో శాతం కొట్టేయించుకున్న పెద్దమనిషి, గెలిచిన ఊపులో సర్వర్ ముఖమైనా చూడకుండా వెళ్లిపోతుంటాడు. చట్టం తన పని చేసింది. అతని పని మిగిలిపోయింది.

అసలు చిక్కు ఫోన్ తెచ్చింది. ఒకప్పుడు సోంపు పళ్లెంలో మిగిలిన చిల్లర దానంతటదే సర్వర్‌కి చేరేది. ఇప్పుడు స్కాన్ చేసి పైసలతో సహా కట్టేస్తున్నాం. ఆ డబ్బు యజమాని ఖాతాలోకి వెళుతుంది, పళ్లెంలో సోంపే మిగులుతుంది. ఇందులో పిసినారితనం లేదు, జేబులో నోటు లేదంతే. అందుకే నేను బయటికెళ్లేటప్పుడు చొక్కా జేబులో కొన్ని చిన్న నోట్లు వేసుకుంటాను. టిఫిన్ హోటల్లో పదో ఇరవయ్యో. ఇంటిల్లిపాదీ కూర్చుని తిన్న రోజు బిల్లులో పదో వంతు. మన ప్లేట్ మనమే తెచ్చుకునే చోట ఏమీ లేదు. టేబుల్ తుడిచే కుర్రాడు కనిపిస్తే అతనికి వేరుగా ఇస్తాను. కొన్నిచోట్ల అందరి టిప్పులూ ఒక డబ్బాలో వేసి రాత్రికి పంచుకుంటారు, కొన్నిచోట్ల ఎవరికొచ్చింది వాళ్లకే. ఏ పద్ధతో అడిగితే వాళ్లే చెబుతారు. పళ్లెంలో వదలడం కన్నా చేతికివ్వడం నాకిష్టం, ఆ ఒక్క క్షణమైనా అతని కళ్లలోకి చూడాల్సి వస్తుంది కాబట్టి.

‘సర్వీసు బాగోలేకపోయినా ఇవ్వాలా?’ అని మా మిత్రుడొకాయన ఎప్పుడూ నిలదీస్తుంటాడు. కూర ఉప్పుగా ఉంటే అది వంటింటి సంగతి, మేనేజర్‌తో చెప్పాలి. ఆలస్యమైతే ఆ రోజు ఎంతమంది పనిలోకి వచ్చారో చూడాలి. పిలిచినా పలక్కుండా, ఎదురుగానే నిలబడి ఫోన్‌లో మునిగినవాడైతే ఇవ్వక్కర్లేదు, నేనూ ఇవ్వను. మా మిత్రుడు ఈ చివరి మాట ఒక్కటే గుర్తుపెట్టుకున్నాడని నా అనుమానం. ఆయనకు ఎప్పుడూ అలాంటి సర్వరే దొరుకుతున్నాడు.