పంక్తిభేదం లేని పండగ

వడ్డనలో పంక్తిభేదం పాపమని మన పెద్దవాళ్ళు అంటారు. ఒకే వరసలో కూర్చున్నాక ఒకరి ఆకులో నెయ్యి ధారగా, పక్కవాళ్ళ ఆకులో చుక్కగా పడకూడదు. ఒకరికి రెండు బూరెలు, ఇంకొకరికి అర బూరె కుదరదు. ఇంత తేలిగ్గా అర్థమయ్యే న్యాయసూత్రం మన భాషలో ఇంకొకటి ఉందనుకోను. ఐదేళ్ళ పిల్లకి దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. అన్నయ్యకి రెండు పెట్టి తనకి ఒకటి పెట్టి చూడండి, సూత్రం తనే చెప్తుంది.

మరి ఆ వరసలో, అందరూ తినేది తినలేని పిల్ల ఒకతి ఉంటే? అందరితో సమానంగా వడ్డిస్తే జబ్బు చేస్తుంది. వేరేగా వడ్డిస్తే పంక్తిభేదం. పోనీ అందరికీ ఆ పిల్ల తినగలిగిందే వడ్డిద్దామంటే, మిగతా పిల్లలు ఏం పాపం చేశారు?

ఇది ఊహాప్రశ్న కాదు. మా అక్క కూతురికి నాలుగో ఏట సీలియాక్ జబ్బు ఉందని తేలింది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ కడుపులోకి వెళ్తే, ఒంట్లోని రక్షణవ్యవస్థ తన చిన్నపేగు లోపలి పొర మీదే దాడి చేస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు, పిల్ల ఎదగదు. దీనికి మందు లేదు. జీవితాంతం ఆ ధాన్యాలు మానెయ్యడమే వైద్యం. మనవాళ్ళకి ఇది మింగుడుపడని మాట. మనకి ‘పథ్యం’ అనే పదం ఉంది గానీ, ఆ పదంలోనే ఒక గడువు ఉంది. పథ్యం అంటే కొన్నాళ్ళది. అందుకే చుట్టాలు ఇప్పటికీ అక్కని “పథ్యం ఇంకా ఎన్నాళ్ళే?” అని అడుగుతుంటారు.

ఈ జబ్బు చరిత్రలో ఒక విచిత్రం ఉంది. 1924లో సిడ్నీ హాస్ అనే అమెరికన్ వైద్యుడు ఈ పిల్లలకి అరటిపళ్ళ ఆహారం పెట్టి చాలామందిని బాగుచేశాడు. అరటిపండులోనే ఏదో గుణం ఉందని చాలాకాలం నమ్మారు. అసలు సంగతేమిటంటే, ఆయన పథ్యంలో రొట్టె నిషిద్ధం. గోధుమే దోషి అని తేల్చింది విల్లెమ్ డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు. ఆయనకి ఆ అనుమానం ముందునుంచీ ఉంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె మళ్ళీ రాగానే జబ్బు తిరగబెట్టడం ఆ అనుమానాన్ని బలపరిచాయి. ఊరంతా ఆకలితో ఉన్నప్పుడు ఆ పిల్లలు బాగుపడ్డారు. పెట్టిందాని వల్ల కాదు, పెట్టనిదాని వల్ల.

పెట్టకపోవడం వైద్యం కావడమే ఇక్కడ చిక్కు. మన ఇళ్ళలో ప్రేమ అంటే పెట్టడం. పిల్లకి ఏదో ఒకటి చేతిలో పెట్టకపోతే అమ్మమ్మకి తోచదు. “బంగారు తల్లీ, ఒక్క ముక్క తిను, ఏం కాదు. మీ అమ్మకి నేను చెప్పనులే” అనే మాటలో క్రూరత్వం ఇసుమంతైనా లేదు. పూర్తిగా ప్రేమే. కానీ గ్లూటెన్ రహితం అని ముద్రవేసి అమ్మే ఆహారంలో కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదని నియమం. ఒక్క చపాతీలో అది గ్రాముల లెక్కన ఉంటుంది. ‘ఒక్క ముక్క’ ప్రేమకి కొలత కావచ్చు, పేగుకి ఆ కొలత వర్తించదు. పైగా ఆ మాట పిల్లకి ఇంకోటి కూడా నేర్పుతుంది: నిన్ను ప్రేమించేవాళ్ళకీ నిన్ను కాపాడేవాళ్ళకీ మధ్య నువ్వొక రహస్యం మొయ్యాలి అని.

అన్నం తినేవాళ్ళం కదా, మనకి అంత కష్టమా అనిపిస్తుంది. నిజమే, ఈ జబ్బు గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిన ఎక్కువ, మన వైపు తక్కువ. మన పిండివంటల్లో సగం బియ్యప్పిండివే. అరిసెలు, జంతికలు, చెక్కలు, సకినాలు, పాలతాలికలు, ఆత్రేయపురం పూతరేకులు – వీటిలో వేటికీ గోధుమతో పనిలేదు. సున్నుండలకి అసలే లేదు. కానీ వంటింట్లోకి దిగితే తెలుస్తుంది. పులిహోరలో వేసే పొడి ఇంగువలో చాలా కంపెనీలు గోధుమపిండో మైదానో కలుపుతాయి. బియ్యం పట్టించే మరలో మనకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు. మైదా జల్లించిన జల్లెడ ఎంత కడిగినా దాని కన్నాల్లో పిండి మిగులుతుంది. చపాతీలు వత్తిన చెక్క పీట కూడా అంతే. కాజాలు వేగిన నూనెలో జంతికలు వేయిస్తే ఆ జంతికలు ఇక ఆ పిల్లవి కావు.

అంటే ప్రశ్న వంటకంతో అయిపోలేదు, మొత్తం వంటింటికి పాకింది. ఇక్కడ ఇళ్ళు సాధారణంగా రెండు దారుల్లో ఒకటి పడతాయి.

మొదటి దారి, ఇంటిల్లిపాదీ గోధుమ మానెయ్యడం. పిల్ల భద్రత వరకూ దీన్ని మించింది లేదు. కానీ ఆ ఇంట్లో ఒక తమ్ముడున్నాడు. బొబ్బట్టంటే వాడికి ప్రాణం. సమానత్వం కోసం వాడి బొబ్బట్టు లాక్కుంటే అక్కకి దక్కిందేమిటి? తత్వవేత్త డెరిక్ పార్ఫిట్ సమానత్వవాదానికి వేసిన ప్రశ్న ఇలాంటిదే: కొందరికి చూపులేని లోకంలో మిగతావాళ్ళ చూపు కూడా తీసేస్తే అందరూ సమానమవుతారు సరే, దానివల్ల ఏ ఒక్కరికైనా మేలు జరిగిందా? వంటిల్లు అంత క్రూరమైన ఉదాహరణ కాదు. “నాకూ వద్దులేవే, నీతో పాటే సున్నుండ తింటా” అని తాతయ్య తనంతట తాను అంటే అది తోడు. అదే తమ్ముడి మీద చట్టంగా పెడితే వాడు పైకి అనకపోయినా లోపల అనుకుంటాడు: దీని వల్లే మనింట్లో బొబ్బట్లు లేవు. ఆ వాక్యం పిల్ల చెవిన పడ్డ రోజున, భద్రత కోసం కట్టిన గోడ నింద అవుతుంది.

రెండో దారి, ఎవరిది వాళ్ళకి. అందరికీ బొబ్బట్లు, పాపకి ఒక ఆపిల్ ముక్క. భద్రత ఉంది, తమ్ముడికి నష్టం లేదు. కానీ చూడగానే మనకి ఏదో తేడా కొడుతుంది. ఎందుకు?

చిన్నప్పుడు విన్న నక్క–కొంగ కథ ఇక్కడ పనికొస్తుంది. నక్క కొంగని విందుకి పిలిచి పళ్ళెంలో పాయసం పోసింది. ఇద్దరికీ ఒకటే పాయసం, ఒకటే పళ్ళెం, ఒకటే కొలత. పంక్తిభేదం ఏమాత్రం లేదు. కానీ కొంగ ముక్కుకి పళ్ళెంలోది అందదు. కొంగ బదులు తీర్చుకుంటూ కూజాలో పెట్టింది, అప్పుడూ అంతే. ఆ కథని మనం ‘చేసిన వాడికి చేసినంత’ అనే నీతితో ముగించేస్తాం. నాకు మాత్రం అందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. ఒకటే వడ్డించడం సమానత్వమో కాదో, తినేవాళ్ళ ముక్కు ఎలా ఉందో చూడకుండా చెప్పలేం. అమర్త్య సేన్ 1979లో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగం పేరే ‘దేని సమానత్వం?’ అని. వస్తువులు ఎంతెంత పంచామని కాదు, ఆ వస్తువులతో మనుషులు ఏం చెయ్యగలుగుతున్నారో చూడమని ఆయన వాదన. పాయసం ఎంత పోశావని కాదు, కొంగ తాగిందా?

ఆ లెక్కన ‘బొబ్బట్లు, ఆపిల్ ముక్క’ దారిలో తప్పు, వంటకం వేరు కావడంలో లేదు. ఆపిల్ ముక్క పండగ కాదు, అదీ తప్పు. మిగతావాళ్ళ కోసం రెండు రోజులు రుబ్బి, వండి, వత్తారు. ఆ పిల్ల కోసం ఫ్రిజ్ తలుపు తీశారు. ఆకులో సమానంగా పడాల్సింది ఆ శ్రమ, ఆ తలపోత. పిల్లలు దాన్ని కచ్చితంగా తూకం వేస్తారు.

ఇంకో అభ్యంతరం కూడా చూడాలి. వేరు గిన్నెలు, వేరు గరిటెలు అంటే మన సమాజానికి చెడ్డ జ్ఞాపకాలున్నాయి. పంక్తిభేదం పాపమన్న ఆ పెద్దలే పంక్తిలోకి ఎవర్ని రానివ్వాలో ముందే నిర్ణయించుకున్నారు. లోపల నెయ్యి సమానంగా పడింది, వాకిలి బయట ఉన్నవాళ్ళకి అసలు ఆకే వెయ్యలేదు. అందుకే సంస్కర్తలు సహపంక్తి భోజనాలు పెట్టాల్సి వచ్చింది. మరి ఇప్పుడు ఒక పిల్లకి వేరు కంచం, వేరు మూకుడు అంటే ఆ వాసన తగలదా? తగలకుండా చూడొచ్చు. మడిలో మైల మనిషిదని నమ్మారు, వేరు చేసింది ఆ మనిషినే. ఇక్కడ అపాయం పిండిది, దూరం పెడుతున్నదీ పిండినే. కాకపోతే ఈ తేడా మన తలలో ఉంటే చాలదు, చేతల్లో కనపడాలి. పాప కంచం పక్కకి జరిపామా, పిండి డబ్బా పక్కకి జరిపామా అన్నదే తేడా.

చేతకాదనే మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆవకాయ జాడీలో తడి గరిటె పడకుండా ఏడాది పాటు కాపాడే ఇళ్ళు మనవి. కార్తీకమాసమంతా ఉల్లి, వెల్లుల్లి లేకుండా వంట నడుస్తుంది. ఇంట్లో ఒకరు అయ్యప్ప మాల వేసుకుంటే నలభై రోజులు వంటింటి పద్ధతే మారిపోతుంది. “ఒక్క ముక్కకి ఏం కాదులే స్వామీ” అని ఎవరూ అనరు. దేవుడి కోసమైతే ఇంత జాగ్రత్త మనకి చాదస్తం అనిపించదు, భక్తి అనిపిస్తుంది. పిల్ల పేగు కోసమైతే “మరీ అంతా?” అంటాం.

వేరే వంటకమే పెట్టాలన్నప్పుడు, ఏది పెట్టాలి? గోధుమ లేని కేకు, గోధుమ లేని బిస్కట్టు, గోధుమ లేని బొబ్బట్టు అని నకళ్ళ వెంట పడటం సులువు. నకలు ఎంత బాగా కుదిరినా, అది తనలో లేనిదాన్నే గుర్తు చేస్తుంది. సున్నుండకి ఆ బాధ లేదు. అది దేనికీ బదులు కాదు, సున్నుండ సున్నుండే. మినుములు వేయించిన కమ్మని వాసన వచ్చినప్పుడు ఏదో లోటుందని ఎవరికీ తోచదు. కాబట్టి రోజువారీ తాయిలాల్లో నా ఓటు నకలుకి కాదు, అచ్చమైనదానికి.

అయితే పుట్టినరోజు కేకు అలా కాదు. అక్కడ రుచి కంటే కొవ్వొత్తి, కోత, మొదటి ముక్క ఎవరి నోట్లో పెట్టాలన్న తగువు ముఖ్యం. అక్కడ సున్నుండల పళ్ళెం పెడితే పిల్లకి అన్యాయం చేసినట్టే. బియ్యప్పిండి కేకైనా కేకే కావాలి. కొన్ని తిండ్లు రుచి, కొన్ని తిండ్లు తంతు. తంతులో ‘అదే’ కావడం ఎంత ముఖ్యమో కాథలిక్కుల్ని చూస్తే తెలుస్తుంది. బలిపూజలో ఇచ్చే అప్పంలో గ్లూటెన్ బొత్తిగా లేకపోతే అది చెల్లదని వాటికన్ 2003లో చెప్పింది, 2017లో మళ్ళీ చెప్పింది. తక్కువ గ్లూటెన్ ఉన్నది చెల్లుతుంది. అదీ పడనివాళ్ళు ద్రాక్షారసం ఒక్కటే తీసుకోవచ్చు. గోధుమ ఉండితీరాలన్న పట్టు వదల్లేదు, మనిషిని వరసలోంచి లేపనూ లేదు. మన ఇళ్ళలో పట్టుపట్టడానికి అంతటి సిద్ధాంతమేమీ లేదు. కేకు గోధుమదే కావాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

బయట పుట్టినరోజు పార్టీలకి వెళ్ళినప్పుడు మా మేనకోడలు ఒక మాట నేర్చుకుంది. ఎవరైనా ప్లేటు అందిస్తే “నాకు ఆకలిగా లేదు ఆంటీ” అంటుంది. ఆ వయసులో అది అబద్ధమని దానికి తెలుసు. కారణం చెప్తే ఆంటీ కంగారుపడుతుంది, నలుగురూ చుట్టూ చేరి జాలిపడతారు, వాళ్ళమ్మ మళ్ళీ మొదటినుంచీ వివరించాలి. ఇవన్నీ తప్పించడానికి ఆకలిని దాచుకుంటుంది. తినలేకపోవడం దాని జబ్బు. ఆకలి లేదని చెప్పాల్సి రావడం మాత్రం జబ్బు చేసింది కాదు, మనం చేసింది.

అందుకని పంక్తిభేదం సూత్రాన్ని నేను వదులుకోను గానీ, దాని అర్థాన్ని కాస్త జరుపుతాను. అందరి ఆకుల్లోనూ ఒకటే పడాలని కాదు. వరసలో కూర్చున్న ఎవరూ ‘ఇది నేను తినొచ్చా?’ అని అడగాల్సిన అవసరం లేకుండా వడ్డించాలి. ఆ అడగడం, వాసన చూడటం, పెద్దవాళ్ళ మొహాలు చదవడం – ఈ కాపలా బరువు ఏడేళ్ళ పిల్లది కాదు, వండేవాళ్ళది, పిలిచేవాళ్ళది.

దీనికి వంటింట్లో ఒక పద్ధతి ఉంది, అక్క ఇంట్లో పండగకి అదే నడుస్తుంది. మైదా డబ్బా మూత తియ్యకముందే, కొత్త నూనెతో, దానికే కేటాయించిన మూకుట్లో బియ్యప్పిండివన్నీ వండేస్తారు. చల్లారాక మూత పెట్టి పై అరలో పెట్టేస్తారు. ఆ తర్వాతే కాజాలు, కజ్జికాయలు. తిరగేసి చేస్తే కుదరదు, పిండి గాల్లో లేస్తుంది, నూనెలో దిగుతుంది. చెయ్యిజారకుండా ఉండాలంటే ఆ పిల్లది ముందు కావాల్సిందే. మిగిలిన నూనెలో, మిగిలిన ఓపికతో, ‘అయ్యో, దీనికి కూడా ఏదైనా చెయ్యాలి కదా’ అని చివర్లో చేసేది ఆ పిల్లకి పనికిరాదు. ఈ జబ్బు కోరే శుభ్రత, న్యాయం కోరే వరస ఇక్కడ ఒకటే అయ్యాయి: అందరికంటే ఎక్కువ కష్టం ఉన్నవాళ్ళది మొదటి వాయి.