రెక్కల గుర్రం

రాజోలు దగ్గరి ఒక ఊళ్ళో జుమా నమాజు ముగించుకుని బయటికి వస్తుండగా ఒక సోదరుడు మమ్మల్ని పక్కకు పిలిచారు. ఆయన చేతిలో పాత బిస్కెట్ల డబ్బా ఉంది. మూత తీసి చూపించారు. అడుగున దూది పరిచి, దాని మీద వేలెడు ఎత్తయినా లేని బొమ్మలు పదకొండు పడుకోబెట్టి ఉన్నాయి. కత్తులు పట్టిన సిపాయిలు కొందరు. తక్కినవి ఏ అడవిలోనూ తిరగని జంతువులు. ఒకదానికి మొసలి తల, కోడి కాళ్ళు. మరొకటి తాబేలు, కాని డిప్ప కింద నుంచి పీత కాళ్ళు పొడుచుకొచ్చి ఉన్నాయి.

“మా అబ్బాయి చేశాడు భాయిసాబ్. ఇవి ఇంట్లో ఉంచవచ్చా, పారేయాలా?” అని అడిగారు.

మేము ఇంకా బొమ్మల వంకే చూస్తున్నాం. ఆయనే మళ్ళీ అన్నారు, “సగం అప్పుడే పంట కాలువలో పడేశాను. మూడు రోజులైంది, వాడు నాతో మాట్లాడటం లేదు.”

ఆయన మమ్మల్ని అడిగింది ఒక్క ప్రశ్నే. కాని ఆ డబ్బాలో రెండు ప్రశ్నలున్నాయని మాకు అనిపించింది. ఆ సాయంత్రం వారింటికి వెళ్ళి కూర్చున్నాం.

కుర్రవాడికి పన్నెండేళ్ళు. దుబాయిలో పనిచేసే మామూ సెలవుకు వస్తూ తెచ్చిన పెట్టెతో ఇది మొదలైంది. కోనసీమకు గల్ఫ్ ఉద్యోగాలు కొత్త కాదు, అత్తరు సీసాలు, ఖర్జూరాలు, దుప్పట్లతో పాటు ఇలాంటివీ వస్తుంటాయి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరంలో గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ ఉంది. 1983 నుంచి వార్‌హామర్ పేరుతో బల్ల మీద ఆడే యుద్ధ క్రీడను అమ్ముతోంది. బొమ్మలు ముక్కలుగా వస్తాయి. ఆడేవారే వాటిని అతికించి, రంగులు వేసి, సైన్యంగా నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి నడిపిస్తారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు వేసి తేల్చుకుంటారు. పాశ్చాత్య దేశాల్లో పెద్దవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి ఈ పనిలో ఉంటారు.

పెట్టెలోని బొమ్మలు ఒక్క వేసవిలో అయిపోయాయి. అప్పుడు కుర్రవాడు అంతర్వేది తీర్థంలో దుకాణాల వాళ్ళు అమ్మే ప్లాస్టిక్ జంతువులను పోగుచేశాడు. బ్లేడుతో కోసి ఒకదాని తలను మరొకదాని మెడకు పెట్టడం మొదలుపెట్టాడు. సందులు పూడ్చడానికి, రెక్కలూ జూలూ దిద్దడానికి పైపు లీకులకు వాడే ఎమ్‌సీల్. రెండు ముద్దలు కలిపి పిసికితే కాసేపు మైనంలా సాగుతుంది, తర్వాత రాయి అవుతుంది. గట్టిపడేలోగా పుల్లతో ఈకలు గీయాలట. ముందు నల్లరంగు పూస్తాడు. దాని మీద నీళ్ళలా పలచన చేసిన రంగులు పొర మీద పొర. గుంటల్లోకి ముదురు రంగు దిగనిస్తాడు. చివర్లో దాదాపు ఆరిపోయిన బ్రష్షును గట్ల మీద తేలికగా రాస్తే వెలుగు పడినట్టు కనబడుతుంది. ఇదంతా వాడు మాకు చెప్పాడు. వాళ్ళ అబ్బా గుమ్మంలోనే నిలబడి ఉన్నారు, ఆయన వైపు మాత్రం చూడలేదు.

ఈ విద్య మనకు మరీ దూరమైనదేమీ కాదు. విజయవాడ దగ్గరి కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేసేవారు కూడా తల, చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. సున్నం పూసి ఆరిన తర్వాతే రంగులు. ఇంగ్లండు పెట్టెలో వచ్చినా, అంబారీ ఏనుగుగా కొండపల్లిలో పుట్టినా పని ఒకటే. లేనిదాన్ని ముక్కలు కూర్చి నిలబెట్టడం.

ఇస్లాం ధర్మం ఆపి ప్రశ్నించేది ఈ నిలబెట్టడం దగ్గరే. ఇక్కడ మేము మెత్తగా మాట్లాడి తప్పించుకోదలచలేదు. ప్రాణుల రూపాలు చేసేవారికి కఠినమైన శిక్ష ఉందనీ, తాము చేసినవాటికి ప్రాణం పోయమని ప్రళయదినాన వారిని ఆదేశించడం జరుగుతుందనీ, అది వారివల్ల కాదనీ సహీహ్ హదీసులు చెబుతున్నాయి. అల్లాహ్ సృష్టితో పోటీపడే ధోరణిని అవి ఖండించాయి. దివ్య ఖురాన్‌లో ఈసా (అలైహిస్సలాం) మట్టితో పక్షి రూపం చేసి ఊదితే అది పక్షి అయింది. అయితే అది అల్లాహ్ అనుమతితో జరిగిందని ఖురాన్ అక్కడే నొక్కి చెప్పింది. సులైమాన్ (అలైహిస్సలాం) కోసం జిన్నాతులు ప్రతిమలు చేసిన ప్రస్తావన కూడా ఉంది. అవి నిర్జీవ వస్తువుల రూపాలని కొందరు వ్యాఖ్యాతలూ, పూర్వ షరీఅతులో దానికి అనుమతి ఉండేదని మరికొందరూ వివరించారు. మొత్తం మీద ప్రాణుల విగ్రహాలు చేయడం నిషిద్ధమన్నదే అత్యధిక ధర్మవేత్తల మాట.

తండ్రి డబ్బా ఎత్తుకుని కాలువ గట్టుకు నడిచింది ఈ హదీసులు విన్న భయంతోనే. ఆ భయాన్ని మేము చిన్నచూపు చూడం.

అయితే అదే హదీసు గ్రంథాల్లో మరొక ఇల్లు కూడా కనిపిస్తుంది. అబూదావూద్ సంకలనంలోని ఉల్లేఖనమిది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒక దండయాత్ర నుంచి తిరిగి వచ్చారు. గాలికి తెర తొలగి హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలు బయటపడ్డాయి. ఇవేమిటని ఆయన అడిగారు. నా బొమ్మలని ఆమె చెప్పారు. వాటి నడుమ గుడ్డపేలికలతో చేసిన రెక్కలున్న గుర్రం ఒకటుంది. అది ఏమిటని అడిగారు. గుర్రమన్నారు. దాని మీద ఉన్నవేమిటని అడిగారు. రెక్కలన్నారు. గుర్రానికి రెక్కలా అని ఆయన ఆశ్చర్యపోతే, సులైమాన్ (అలైహిస్సలాం) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. ఆయన దవడ పళ్ళు కనబడేలా నవ్వారు.

ఈ ఉల్లేఖనాన్ని మనం చాలాసార్లు విన్నాం. వినేటప్పుడు నవ్వు దగ్గరే ఆగిపోతాం. నవ్వుకు ముందు నాలుగు ప్రశ్నలున్నాయి. విగ్రహారాధనను కూకటివేళ్ళతో పెకలించడానికి వచ్చిన ప్రవక్త, కాబాలోని విగ్రహాలను తొలగించిన ప్రవక్త, తన ఇంట్లో ఒక వింత రూపం కంటబడితే ముందు అడిగారు. జవాబు విన్నారు. మళ్ళీ అడిగారు. ఆ చేతులు ఏ ఉద్దేశంతో దాన్ని చేశాయో తెలిసేదాకా తీర్పు చెప్పలేదు.

ఈ హదీసు ఆధారంగానూ, ఆషూరా ఉపవాసమున్న పిల్లలు ఆకలి మరిచిపోవడానికి సహాబీ మహిళలు ఉన్నితో బొమ్మలు చేసి ఇచ్చారన్న రుబయ్యి (రజి) ఉల్లేఖనం ఆధారంగానూ పిల్లల ఆటబొమ్మలను ధర్మవేత్తలు ఆ నిషేధం నుంచి మినహాయించారు. ఇది అత్యధికుల అభిప్రాయమని ఖాజీ ఇయాజ్ పేర్కొన్నారు. ఈ మినహాయింపు తర్వాత రద్దయిందన్నవారూ ఉన్నారు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్‌లో మరో సూక్ష్మం ఉంది. కింద పెట్టినప్పుడు నిలబడి చూసేవారికి అవయవాలు తెలియనంత చిన్న రూపం ఇంట్లో ఉన్నంత మాత్రాన నమాజుకు దోషం రాదు. కాని ఉంచుకోవడం వేరు, చేయడం వేరు. చిన్నదైనంత మాత్రాన చేయడం ధర్మసమ్మతం కాదన్నారు ఆ పండితులే. కనుక, చాలా చిన్నవే కదా అని చెప్పి మేము తండ్రిని ఊరడించలేకపోయాం.

పాచికల సంగతి ఇంకా కష్టం. పాచికలతో ఆడే నర్ద్ ఆటను సహీహ్ ముస్లింలోని హదీసు తీవ్రంగా గర్హించింది. పందెం లేకపోయినా తగదన్నదే అధిక సంఖ్యాకుల మాట. నిజానికి యుద్ధ క్రీడకు పాచికలు ప్రాణం కావు. 1913లో హెచ్.జి. వెల్స్ ఇలాంటి ఆటకే ‘లిటిల్ వార్స్’ అని పుస్తకం రాసినప్పుడు బొమ్మ ఫిరంగితో పుల్లలు పేల్చి, పడిన సిపాయి చచ్చినట్టు లెక్కవేశాడు. అంతకు ముందే జర్మన్ సైనికాధికారులు 1870ల నాటికి తమ యుద్ధ క్రీడలో పాచికలు మాని మధ్యవర్తి తీర్పును పెట్టుకున్నారు. ఈ మాట చెబితే కుర్రవాడు, “మధ్యవర్తి ఎవరు?” అన్నాడు. గది నిశ్శబ్దమైంది. మేమూ పేరు చెప్పలేదు.

ఆ పెట్టె మీద కథ కూడా చదవమని తల్లిదండ్రులకు చెప్పాం. ఆ క్రీడలో దయ్యాల్లాంటి దేవుళ్ళను కొలిచే సైన్యాలు ఉన్నాయి. అలాంటివి తౌహీద్ నమ్మే ఇంటికి తగవు. ఇందులో పెద్ద చర్చ లేదు.

చర్చ ఉన్నది ఒక్కచోటే. లోకంలో లేని జంతువును చేయడం అల్లాహ్ సృష్టితో పోటీ అవుతుందా? ఉన్నదాన్ని అనుకరించడం లేదు కనుక కాదనవచ్చు. అల్లాహ్ చేయనిదాన్ని నేను చేస్తానన్న పొగరు ఇందులోనే ఎక్కువని కూడా అనవచ్చు. దీన్ని మేము కుర్రవాడినే అడిగాం, మామూలు మాటల్లో. మొసలి తల బొమ్మ చూపించి ఇది బతికినట్టు ఉందా అన్నాం. వాడు దాన్ని తిరగేసి అడుగు చూపించాడు. లోపల డొల్ల, అంచున ఎమ్‌సీల్ ముద్ద. “ఇక్కడ మోకాలు తప్పు వచ్చింది. నిజం కోడికి ఇలా వంగదు. ఎన్నిసార్లు చేసినా రావడం లేదు” అన్నాడు.

ఆ మాటలో పొగరు మాకు కనబడలేదు. ఒక్క కోడి మోకాలు దిద్దడానికి వారం రోజులు కుస్తీపట్టినవాడికి, పెరట్లో తిరిగే కోడిని సృష్టించిన అల్లాహ్ శక్తి మనకంటే బాగానే తెలిసి ఉంటుంది. అయితే రేపు వాడు పెద్దవాడై, ఇవే బొమ్మలు అద్దాల బీరువా ఎక్కి, వచ్చినవారంతా చూసి మెచ్చుకోవడానికి నిలబడితే మా మాట ఇలా ఉండదు. అప్పుడవి ఆటబొమ్మలు కావు. వేలకు వేలు పోసి సైన్యాలు కూడబెట్టే పెద్దవారు పిల్లల మినహాయింపు చాటున దాక్కోవడం కూడా మాకు సమ్మతం కాదు.

చదరంగం మన పూర్వీకుల చేతికి వచ్చినప్పుడు వారేం చేశారో తల్లిదండ్రులకు చెప్పాం. ఇరాన్‌లోని నిషాపూర్‌వని భావించే 12వ శతాబ్దపు పావులు ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. అందులో ఏనుగుకు కళ్ళు లేవు, తొండం లేదు. దంతాల గుర్తుగా రెండు బుడిపెలు మాత్రం ఉన్నాయి. గుర్రానికి ముందుకు పొడుచుకొచ్చిన ఒక్క మొన. ఆట నడిచింది, రూపం తప్పింది.

ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు బొమ్మలు గీసి బతికే ఒకరు వచ్చిన ఉదంతం కూడా బుఖారీలో ఉంది. హదీసు వినగానే అతని ముఖం పాలిపోయింది. అతణ్ణి ఆయన చేతులు కట్టుకు కూర్చోమనలేదు. చేయక తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేనివాటిని చేసుకోమన్నారు.

అక్కడ కుర్రవాడి కళ్ళు మెరిశాయి. యుద్ధానికి నేల కావాలి కదా! మేము రెండో నెలలో వెళ్ళేసరికి పాత అట్టల మీద కోనసీమ లేచి ఉంది. కొబ్బరి పీచు నలిపి వేసిన గడ్డి, ఈనెలతో కొబ్బరి చెట్లు, నీలిరంగు మీద వార్నిష్ పూసిన కాలువ, దాని మీద చిన్న వంతెన. దిగువకు పోయే నీళ్ళు ఎటు తిరగాలో వాళ్ళ అబ్బా చెప్పారట.

కాలువలో పడేసిన వాటి సంగతి ఆ రోజే వచ్చింది. అబూ ఉమైర్ అనే పిల్లవాడి బుల్లి పిట్ట చనిపోతే దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వాడి దగ్గర ఆగి, ఆ పిట్ట ఏమైందని పలకరించారని హదీసులో ఉందని మేము గుర్తుచేశాం. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొడుకు వైపు తిరిగి, “నేను పడేసిన వాటిలో ఏమేం ఉన్నాయిరా?” అని అడిగారు. వాడు వేళ్ళు మడుస్తూ ఒక్కొక్కటే చెప్పాడు. ఆరోది రెక్కల గుర్రం. మక్తబ్‌లో హదీసు విని చేశాడట.