రాయని పద్దు

పోయిన వేసవిలో మా పల్లె పిల్ల ఒకమ్మాయి సాయంత్రం పూట మా ఇంటికొచ్చింది. బీకాం అయిపోయింది. టాలీ నేర్చుకుంది. గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర లెక్కలు రాసే ఉద్యోగం ఉందని తెలిసి అప్లికేషన్ పెట్టింది. ఇంటర్వ్యూకి పిలిచారు. "బాబాయ్, నాలుగు రోజులే టైముంది. నువ్వు కూడా బీకామే గదా, కాస్త చెప్పు" అంది.

మూడు సాయంత్రాలు కూర్చున్నాం. నేను చదివిన చిట్టా, ఆవర్జా, అంకణా ఇప్పుడు కాగితం మీద కన్నా కంప్యూటర్లోనే ఎక్కువ. మా రోజుల్లో వ్యాట్ ఉండేది. 2017 జూలై నుంచి జీఎస్టీ వచ్చింది. జీఎస్టీఆర్-1లో అమ్మకాలు ఎట్టా చూపించాలి, 3బిలో పన్ను ఎట్టా లెక్కగట్టాలి, సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను ఎట్టా మినహాయించుకోవాలి, ఇవన్నీ నాకన్నా ఆ పిల్లకే బాగా తెలుసు. నాకు తెలిసింది పునాది. క్యాష్ బుక్కుకీ బ్యాంకు పాస్ బుక్కుకీ తేడా ఎందుకొస్తుంది, మనం ఇచ్చిన చెక్కు బ్యాంకుకి చేరేదాకా ఆ డబ్బు ఎవరి లెక్కలో ఉంటుంది, యంత్రానికి తరుగుదల ఎందుకు రాస్తాం. వాళ్ళు అడిగేది ముందు ఇవేనని చెప్పాను. "మీ గురించి చెప్పండి" అంటే ఏం చెప్పాలో ఇంగ్లీషులో రాయించి, గోడకెదురుగా నిలబెట్టి పదిసార్లు చెప్పించాను.

నాలుగోరోజు లేవబోతూ అడిగింది. "మీ అమ్మానాన్న ఏం చేస్తారని అడుగుతారంట బాబాయ్. మా ఫ్రెండుని అడిగారంట. ఏం చెప్పమంటావు?"

ఆ పిల్లకి తండ్రి లేడు. తల్లి మిరపకాయల తొడిమలు తీసే కూలీ. నేను ప్రభుత్వ బడిలో పంతుల్ని. అబద్ధం చెప్పగూడదని పిల్లలకి రోజూ చెప్పేవాణ్ణి. అయినా నోట మాట రాలేదు. నా దగ్గర జవాబు లేక కాదు. పదిహేనేళ్ళ కిందట అదే ప్రశ్నకి నేనొక జవాబు చెప్పాను. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

మాది గుంటూరు జిల్లాలో ఒక ఊరు. ఊరంటే మళ్ళీ ఊరు కాదు, మాదిగపల్లె. మా తాత వెట్టివాడు. కరణంగారి లెక్కల దఫ్తరం గుడ్డలో మూటగట్టి, నెత్తిన పెట్టుకుని జమాబందీకి మోసుకెళ్ళేవాడంట. ఊరి భూమి లెక్కంతా ఆ మూటలో ఉండేది. అందులో మా తాత పేరున సెంటు కూడా లేదు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. అప్పటికే మా తాత మెడ వంగిపోయింది. లెక్కల్లో మా ఇంటికి తెలిసింది ఆ బరువు ఒక్కటే.

మా నాయనకి అక్షరం రాదు. చెప్పులు కుట్టేవాడు, మిరప చేలో కూలికి పోయేవాడు. పని చేసిన రోజుకో బొగ్గుగీత పొయ్యి పక్క గోడ మీద గీసేవాడు. ఒక ఏడు పండగ ముందు లెక్క చూసుకోవడానికి ఆసామి దగ్గరికి నన్ను కూడా తీసుకెళ్ళాడు. గోడ మీద గీతలు నలభై మూడు. ఆసామి పుస్తకంలో ముప్పయ్యారు. "నలభై మూడయ్యా, గోడ మీద గీసుకున్నా" అన్నాడు నాయన. "అయితే ఆ గోడని మోసుకురారా, చూద్దాం" అని ఆసామి నవ్వాడు. పక్కనున్నోళ్ళు కూడా నవ్వారు. తిరిగొస్తూ దారిలో నాయన ఒకటే మాటన్నాడు. "పుస్తకం ఆళ్ళ చేతిలో ఉన్నంతకాలం మన గోడ ఓడిపోద్దిరా."

ఇంటర్లో నేను సీఈసీ తీసుకున్నది ఆ మాట మీదే. ఎప్పటికైనా పుస్తకం నా చేతిలోకి రావాలనుకున్నా.

2009లో బీకాం అయింది. మా వంశంలో డిగ్రీ కాగితం పట్టుకున్న మొదటోణ్ణి నేనే. బ్రాడీపేటలో టాలీ నేర్చుకుని, హాస్టల్ స్నేహితుడి చొక్కా అరువు తెచ్చుకుని ఉద్యోగానికి తిరిగాను. ఆడిటర్ ఆఫీసులు, కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగు మిల్లులు. లెక్కలు రాసే ఉద్యోగాలు పేపర్లో పడేది తక్కువ. "ఎవరైనా తెలిసినోళ్ళుంటే చెప్పండి" అనే మాట మీదే నడుస్తాయి. డబ్బు చూసే పని గదా, నమ్మకస్తుడు కావాలంటారు. ఆ నమ్మకం చుట్టరికంలో నుంచే పుడుతుంది. మేం కూడా వాళ్ళకి తెలుసు, కూలోళ్ళుగా తెలుసు.

ఇంటర్వ్యూలో లెక్కల ప్రశ్నలు రెండో మూడో అడిగేవాళ్ళు. చెప్పేవాణ్ణి. ఆ తర్వాత అసలు ప్రశ్నలు మొదలయ్యేవి. ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఊళ్ళో ఏ బజారు? కులం పేరు ఎవరూ నోటితో ఎత్తరు. బజారు అడుగుతారు. నాలుగు చోట్ల ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు చోట్లా "కబురు చేస్తాం" అన్నారు.

అది నా చేతగానితనమే అనుకునేవాణ్ణి. చాలాకాలం తర్వాత ఒక పరిశోధన సంగతి చదివాను. సుఖదేవ్ థోరట్, పాల్ ఆటెవెల్ అనే ఇద్దరు పండితులు చేసింది. 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ప్రైవేటు కంపెనీల ప్రకటనలకి సమానమైన అర్హతలతో దరఖాస్తులు పంపారు. తేడా అల్లా పేర్లలోనే. కొన్నింటి మీద అగ్రకుల హిందువుల పేర్లు, కొన్నింటి మీద దళితుల పేర్లు, కొన్నింటి మీద ముస్లిముల పేర్లు. దళితుల పేర్లకీ ముస్లిముల పేర్లకీ పిలుపులు తక్కువొచ్చాయి. మనిషిని చూడకముందే, ఒక్క ప్రశ్న అడగకముందే జరిగిన సంగతి ఇది. చదివాక కొంత ఊరట కలిగింది, కొంత భయం కూడా వేసింది.

అయిదోచోటు ఒక కమీషన్ కొట్టు. యజమాని పెద్దాయన, మాట మెత్తన. లెక్కల ప్రశ్నలయ్యాక "మీ నాన్నగారేం చేస్తారబ్బాయ్?" అన్నాడు.

"వ్యవసాయమండి."

"ఎంతుంది పొలం?"

"రెండెకరాలండి."

"ఊళ్ళో ఎక్కడ?"

"సెంటర్లోనేనండి."

మొదటి జవాబు అబద్ధం కాదని నాకు నేనే చెప్పుకున్నా. సాగు చేసేది మా నాయనే, పొలం మాత్రం ఆసామిది. తక్కిన రెండూ పచ్చి అబద్ధాలు. ఉద్యోగం వచ్చింది. క్యాష్ బుక్కు నా చేతికిచ్చారు. పుస్తకం మన చేతికొచ్చిందని నాయనకి చెబితే, ఆయన పల్లెంతా చెప్పుకున్నాడు.

ఆరు నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం నాయన కొట్టుకొచ్చాడు. అమ్మకి జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చారు. చేతిలో డబ్బుల్లేవు, ఇంట్లో ఫోను లేదు. మెట్ల కింద చెప్పులు విడిచి, తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గల్లాపెట్టె దగ్గర్నుంచి యజమాని "ఎవరయ్యా అతను?" అన్నాడు.

"మా ఊరాయనండి" అన్నాను.

నాయనకి వినపడింది. ఒకసారి నా మొహంలోకి చూశాడు. తర్వాత యజమానికి దణ్ణం పెట్టి, "అవునండయ్యా, అబ్బాయిగారిది మా ఊరేనండి. వాళ్ళమ్మగారికి ఒంట్లో బాగలేదు, చెప్పి రమ్మన్నారండి" అన్నాడు.

కన్నకొడుకుని గారు అన్నాడు. కట్టుకున్న భార్యని వాళ్ళమ్మగారు అన్నాడు. ఇంటర్వ్యూకి నేను నెల రోజులు సిద్ధమయ్యాను. ఆయన నిలబడ్డచోటే సిద్ధమయ్యాడు. బస్టాండులో డబ్బులిస్తే లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, "నువ్వేం బాధపడమాక. ఉద్యోగం నిలబడాల" అన్నాడు. చనిపోయేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ ఉద్యోగం నిలబడనూ లేదు. మా ఊరి రైతు ఒకాయన కొట్టుకొచ్చి నన్ను గుర్తుపట్టాడు. యజమాని నన్ను ఒక్కమాట అనలేదు. మర్నాటి నుంచి క్యాష్ బుక్కు వేరేవాళ్ళ బల్ల మీదికి పోయింది. "నువ్వు బిల్లులు చూసుకో చాల్లే" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో. సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగొస్తే, వేరే మనిషిని పెట్టుకున్నామన్నారు. తిట్టి ఉంటే పోట్లాడేవాణ్ణి. ఏమీ అననివాళ్ళతో ఎట్టా పోట్లాడతాం?

తర్వాత డీఈడీ చేసి, డీఎస్సీ రాసి 2016లో టీచరునయ్యాను. అక్కడ తాసిల్దారు సంతకం పెట్టిన కులం కాగితం నా చేత్తోనే ఇచ్చాను. ఒకచోట దేన్ని దాస్తే పని దొరికిందో, ఇంకోచోట దాన్ని చూపిస్తే నా హక్కు నాకు దక్కింది. ప్రైవేటు కొట్లో రిజర్వేషన్ లేదు గాబట్టి అక్కడ కులం లేదంటారు కొందరు. నేను చూసింది వేరు. కాగితం అడగని చోట బజారు అడిగారు.

మరి నేను చేసింది తప్పా? చాలా ఏళ్ళు కాదనే అనుకున్నా. ఆ ప్రశ్నకీ ఆ పనికీ సంబంధం లేదు. అడగగూడనిది అడిగినవాడికి నిజం చెప్పే బాకీ నాకు లేదు. వాడు కూడా ఎందుకడుగుతున్నాడో దాచే అడుగుతాడు. దొంగ వచ్చి పెట్టె ఎక్కడుందంటే చూపించాల్సిన పని లేదు గదా. ఈ వాదన ఇప్పటికీ తప్పనుకోను.

దీనికి అంబేద్కర్‌ని తోడు తెచ్చుకునేవాణ్ణి. కొలంబియాలో, లండన్‌లో చదివి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళాడాయన. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో వేశారు. ఆయన కూడా లెక్కల ఆఫీసుకే పోయాడని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఊళ్ళో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించుకుని దిగాడు. పదకొండో రోజు పార్సీలు కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. అంతటాయనకే పేరు దాచక తప్పలేదు, నేనెంత అనుకునేవాణ్ణి.

కానీ ఆలోచించగా తేడా తెలిసింది. అంబేద్కర్ దాచింది తన పేరు. వేరే మనిషిని కాదనలేదు. పైగా తర్వాత ఆ సంగతంతా తనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసి పెట్టాడు. నేను దాచింది కులాన్ననుకున్నా. దాని ఖరీదు కట్టింది మాత్రం మా నాయన.

బీకాంలో తప్పుల సవరణ అని ఒక పాఠం ఉంటుంది. అంకణా రెండు వైపులా సరిపోయినంత మాత్రాన లెక్క సరైందని అనుకోవద్దని మా మాస్టారు చెప్పేవారు. ఒక లావాదేవీని మొత్తానికే రాయకుండా వదిలేస్తే డెబిట్టూ పడదు, క్రెడిట్టూ పడదు. రెండు వైపులా చక్కగా సరిపోతాయి. ఆ తప్పుని అంకణా పట్టివ్వదు. ఆసామి పుస్తకంలో ఎక్కని ఏడు రోజులూ అట్టాంటివే. పుస్తకం నా చేతికొచ్చాక నేను చేసిందేంటి? ఆసామి నాయన కష్టంలో ఏడు రోజులు వదిలేశాడు. నేను నాయన్నే వదిలేశాను.

అయితే ఆ పిల్లకి నిజమే చెప్పమనాలా? అది చెప్పడానికి నేనెవర్ని? నెల తిరిగేసరికి నా జీతం నాకొస్తుంది. నిజం చెబితే పోయేది నా ఉద్యోగం కాదు, ఆ పిల్లది. కడుపు నిండినోడు చెప్పే నీతి మా పల్లె ఎన్ని తరాలుగానో వింటానే ఉంది. పోనీ అబద్ధం చెప్పమందామా అంటే, ఏదో ఒకరోజు వాళ్ళమ్మ ఆ మెట్ల కింద నిలబడాలి.

అందుకని ఇది చెప్పు, అది చెప్పు అనలేదు. నా సంగతంతా చెప్పాను, మెట్ల కింద విడిచిన చెప్పుల దాకా. రెండు జవాబుల ఖరీదూ తెలిసి వెళ్ళాలి. నన్నెవరూ అట్టా సిద్ధం చేయలేదు.

అంతా విని, "తాతకి తర్వాతన్నా చెప్పావా బాబాయ్, తప్పయిందని?" అంది.

"లేదమ్మా" అన్నాను.

ఇంటర్వ్యూ అయిన రెండోరోజు వచ్చింది. అడిగారంట. "మా అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తుందండి, తాలు ఏరుతుందండి. బస్తాకి ఎంత తాలు పోతుందో నేను చిన్నప్పట్నుంచీ చూశాను. ఆ తరుగు లెక్క ఇంకొకరు నాకు చెప్పక్కర్లేదండి" అందంట. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని "కబురు చేస్తాం" అన్నారంట.

కబురు రాలేదు. నిజం చెప్పినవాళ్ళు గెలుస్తారని రాయాలని నాకూ ఉంది. కానీ జరగలేదు. ఆ పిల్ల ఇంకా తిరుగుతానే ఉంది. వాళ్ళమ్మ చేతులు ఇంకా మిరపకాయల ఘాటుకి మండుతానే ఉన్నాయి. వచ్చే ఇంటర్వ్యూలో ఏం చెబుతుందో నేనడగలేదు. ఏం చెప్పినా ఆ తప్పు ఆ పిల్ల ఖాతాలో రాయను. బజారు అడిగినవాడి ఖాతాలోనే రాస్తాను.

నా ఖాతా మాత్రం నాదే. లెక్కల పుస్తకంలో తప్పుని గీకేయగూడదు, కొట్టేయగూడదు. దొరికిన రోజు తారీకు వేసి సవరణ పద్దు రాయాలి. విన్నవాళ్ళు ఏమన్నా అనుకోనీ, నాయన వినడానికి లేకపోయినా, అందుకే ఇది రాస్తున్నా. 2010లో ఆ కొట్టు మెట్ల కింద తువ్వాలు పట్టుకుని నిలబడింది మా ఊరాయన కాదు. మా నాయన.