ఎల్దమొస్తవ అన్నదెవరు?

టెట్రిస్ ఆడని వాళ్ళు మనలో తక్కువ. 1980ల నడుమ మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని తయారుచేశాడు. ఉద్యోగం సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ సెంటర్లో, కాబట్టి హక్కులు సర్కారువి. 1989లో నింటెండో, అటారీ వాళ్ళు ఆ ఆట కోసం అమెరికాలో కోర్టుకెక్కారు. గేమ్‌బాయ్‌లు అంతలా అమ్ముడుపోతున్నా పజిత్నోవ్‌కి రాయల్టీ రాలేదు. హక్కులు 1996లో గానీ ఆయన చేతికి రాలేదు.

ఇక్కడ కోపం ఎవరి మీద రావాలో తేలిగ్గానే తెలుస్తుంది. వంగపండు దగ్గరికొచ్చేసరికి అంత తేలిక కాదు.

పార్వతీపురం పక్కన పెదబొండపల్లి మనిషి వంగపండు ప్రసాదరావు. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' ఆయన రాసిందే, శ్రీకాకుళం పోరాటంలోకి రమ్మనే పిలుపు. పాడుకోండని జనానికి వదిలేశాడు. చాలామంది దాన్ని జానపదమే అనుకుంటారు (కవికి ఇంతకన్నా గొప్ప అవార్డు ఏముంటుంది?). 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం'తో సినిమాకెక్కింది. 2009లో 'మగధీర'లో అదే పిలుపు హీరో హీరోయిన్ల పాటలోకొచ్చింది.

జనం పాటంటే జనంలో నిర్మాత కూడా ఉన్నాడు కదా, అని అడగొచ్చు. పైగా 'ఎల్దమొస్తవ' అన్న మాట వంగపండు పుట్టించింది కాదు. మా వైపు సంతకెళ్ళేటప్పుడు ఎవరైనా అనేదే. ఆయనా జనం దగ్గర తీసుకున్నాడు. నిజమే. కానీ తీసుకున్నది తిరిగి అక్కడికే పంపాడు. సినిమా దాన్ని టిక్కెట్టు పెట్టి అమ్మింది. పాట చెరువు నీళ్ళలా తోడితే తగ్గదు, ఒప్పుకుంటాను. తగ్గింది వేరే. ఆ పిల్లణ్ణి కొండల్లోకి రమ్మన్న గొంతుని ముందు డాన్సు పాటలో విన్న కుర్రాడికి అసలు పాటే పేరడీలా వినిపిస్తుంది.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళు హక్కు నిలుస్తుంది. వంగపండు 2020 ఆగస్టు 4న పోయారు, అంటే 2080 దాకా. అదే చట్టం 57వ సెక్షన్ రచన వికృతమై రచయిత పరువు పోతే అడిగే హక్కిస్తుంది. పరువు రచయితది మాత్రమే. ఆ పాట నమ్మి కొండెక్కినవాళ్ళది చట్టం లెక్కలో లేదు.

రేపెవరో రాయల్టీ కట్టి, సంతకాలన్నీ తీసుకుని, ఆ పల్లవితో భోగాపురం వైపు ఏ రిసార్టుకో ప్రకటన తీస్తే కాగితాలన్నీ సవ్యంగానే ఉంటాయి. నేను మాత్రం ఒప్పుకోను. ఏ హోదాతో అని అడిగితే, విన్నవాడిగా.